ఇప్పుడేం చదువుతున్నావ్ అంటే...

పోయిన నెల మా బాబాయిగారి అమ్మాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "అన్నయ్యా, ఇప్పుడేం చదువుతున్నావ్? ఏదన్నా మంచిది చెప్పు, సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు ట్రైన్లో చదువుకుంటా" అంది. సులువైన ప్రశ్నే. అయినా రెండు మూడు సెకన్లు మాట రాలేదు.

"ఈమధ్య ఏం చదివావ్?" అని అడిగి ఉంటే ఇబ్బంది ఉండేది కాదు. చదివేసిన పుస్తకం గురించి ఏం చెప్పాలో మనకి అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. బాగుంది, పర్లేదు, మొదటి సగం బాగుంది. డిసెంబరు వచ్చేసరికి అందరం వేసే లిస్టులన్నీ అలాంటివే. చదువుతున్న పుస్తకం సంగతి వేరు. దాని మీద అభిప్రాయం ఇంకా పచ్చిగా ఉంటుంది. నిన్న నచ్చింది ఇవాళ నచ్చకపోవచ్చు. పైగా ఒకేసారి రెండు మూడు చదివే అలవాటున్న వాళ్ళకి ఇంకో చిక్కు. ఒక పుస్తకంలో ఏర్పడిన నమ్మకాన్ని పక్క పుస్తకం వచ్చి పాడుచేస్తుంది.

నా పరిస్థితి అప్పుడు అదే. మంచం పక్కన మూడు పుస్తకాలున్నాయి. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 'వనవాసి', మూడోసారి చదవడం, చివరి పాతిక పేజీల దగ్గర ఆగాను. డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు', ఒక పూటలో అయిపోయే నవలని కావాలని సాగదీస్తున్నాను. రావిశాస్త్రి 'అల్పజీవి', ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన పాత కాపీ, సగంలో ఉంది. ఈ మూడూ ఒక పథకం ప్రకారం ఎంచుకున్నవి కావు, చేతికందినవి. కానీ నాలుగు రోజులు పక్కపక్కన ఉండేసరికి వాటి మధ్య తగాదా మొదలైంది. ఫోన్లో చెప్పలేకపోయింది ఆ తగాదా గురించే.

మొదట 'వనవాసి'. ఈ పుస్తకం మన దగ్గర ఎంత ఇష్టమైన పుస్తకమో చెప్పక్కర్లేదు. 1939లో పుస్తకంగా వచ్చిన బెంగాలీ నవల 'ఆరణ్యక్'కి సూరంపూడి సీతారాం చేసిన అనువాదం ఇది. తెలుగులోనే పుట్టిందేమో అనిపించేంత హాయిగా సాగుతుంది. పుస్తకాల గురించి మాట్లాడుకునే ఏ గుంపులోనైనా దీని పేరు వస్తే ఒకటే రకం మాటలు వింటాం. మనసు బాలేనప్పుడు చదవండి, సిటీ మీద విసుగొచ్చినప్పుడు చదవండి, వెన్నెల చూడాలంటే చదవండి. నేనూ చెప్పాను ఇవే మాటలు, చాలామందికి. మొదటిసారి నేను ఇరవై రెండేళ్ళప్పుడు చదివింది కూడా అలాగే, ఒక సెలవు తీసుకున్నట్టు.

మూడోసారి చదువుతుంటే మాత్రం, ఆ పుస్తకాన్ని మనం తప్పుగా చేతులు మారుస్తున్నామేమో అనిపించింది.

కథ గుర్తు చేసుకుందాం. కలకత్తాలో ఉద్యోగం లేక తిరుగుతున్న సత్యచరణ్‌కి ఒక స్నేహితుడి ద్వారా బీహార్‌లో, భాగల్పూర్, పూర్ణియా ప్రాంతంలో వేలాది బిఘాల అటవీ ఎస్టేటుకి మేనేజరుగా పని దొరుకుతుంది. మొదట్లో ఆ ఒంటరితనం భరించలేకపోతాడు. పారిపోదామనుకుంటాడు. అడవి మిమ్మల్ని పట్టుకుంటుంది బాబూ, ఆ తరవాత వెళ్ళలేరు అని కచేరీలోని పాత గుమాస్తా ఒకాయన చెప్తాడు. అలాగే జరుగుతుంది. ఇంతవరకూ అందరికీ గుర్తుంటుంది. సత్యచరణ్‌ని అక్కడికి ఎందుకు పంపించారో మాత్రం పుస్తకం మూసేసరికి చాలామంది మర్చిపోతారు. నేనూ మర్చిపోయాను. అతను వెళ్ళింది అడవి చూడటానికి కాదు, దాన్ని ముక్కలు చేసి కౌలుకి ఇవ్వడానికి. అదే అతని ఉద్యోగం. ఒకప్పుడు ఆ నేలని నది ముంచేస్తే చెదిరిపోయిన పాత రైతులు మళ్ళీ వచ్చి అడిగినా వాళ్ళకి ఇవ్వడం జమీందారుకి ఇష్టం లేదు. కొత్తవాళ్ళకి ఇస్తే ఎక్కువ వస్తుంది.

ఇదేదో నేను గీకి బయటికి తీసిన రహస్యం కాదు. నవల మొదటి పేజీల్లోనే ఉంది. ఏళ్ళ తరవాత కలకత్తా మైదానంలో కూర్చుని సత్యచరణ్ ఆ అడవులని తలుచుకుంటాడు. అవి తన చేతుల మీదుగానే పోయాయని, వనదేవతలు తనని క్షమించరని, చేసిన తప్పు చెప్పుకుంటే బరువు తగ్గుతుందని విన్నాను కాబట్టి ఇది చెప్తున్నానని అంటాడు. చివర్లో మళ్ళీ ఆ అడవి దేవతలకే క్షమాపణ చెప్పుకుంటాడు. అంటే ఈ పుస్తకం మొదలూ చివరా ఒక నేరాంగీకారం. మనం మధ్యలో ఉన్న వెన్నెలని మాత్రం తీసుకుని, రెండు వైపులా ఉన్న అట్టల్ని చించేసి ఒకరికొకరం ఇచ్చుకుంటున్నాం.

మనదే తప్పు అనడానికి కూడా లేదు. మర్చిపోయేలా రాశాడు ఆయన. సత్యచరణ్ వెన్నెల్లో గుర్రం మీద పోతుంటే ఆ గుర్రం ఎందుకు బయల్దేరిందో మనకి గుర్తుండదు. భూమి చూడటానికో, కౌలు తగాదా తీర్చడానికో బయల్దేరిన గుర్రం అది. ఈసారి చదువుతూ నేను ఒక పని చేశాను. అందమైన వర్ణన వచ్చినప్పుడల్లా నాలుగు పేజీలు వెనక్కి వెళ్ళి, ఇతను ఇక్కడికి ఏ పని మీద వచ్చాడు అని చూసుకున్నాను. చాలా చోట్ల ఆఫీసు పనే. ఆ ఉద్యోగమే లేకపోతే ఆ వెన్నెల అతనికి దొరికేది కాదు. అడవిని ప్రేమించిన కన్నూ, దాన్ని కొలిచిన కన్నూ ఒకటే. నాకు ఈ నవల గొప్పతనం ఇప్పుడు అక్కడ కనిపిస్తోంది. బిభూతిభూషణ్ ఊహించి రాసిందీ కాదు, 1920లలో ఆయనే అలాంటి ఎస్టేటు ఉద్యోగంలో భాగల్పూర్ వైపు ఉన్నాడు.

యుగళప్రసాద్ గుర్తున్నాడు కదా? ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలూ విత్తనాలూ తెచ్చి, ఎవరూ చూడని అడవిలో నాటుతూ తిరిగే మనిషి. సత్యచరణ్ అతనికి కచేరీలో పని ఇస్తాడు. ఇద్దరూ కలిసి సరస్వతీ కుండి అనే కొలను చుట్టూ మొక్కలు నాటుతారు. ఆ కొలను చుట్టుపక్కల భూమిని కౌలుకి ఇవ్వకుండా సత్యచరణ్ వీలైనంత కాలం ఆపుతాడు. కొన్నాళ్ళు ఆపగలుగుతాడు, అంతే. ఇరవై రెండేళ్ళప్పుడు ఆ భాగం చదివి నాకు ఆనందంతో కళ్ళు చెమ్మగిల్లాయి. ఇప్పుడు చదివితే, ఉద్యోగం మానకుండా, జీతం వదులుకోకుండా, ఒక మూల మాత్రం కాపాడుకుందామనుకునే ఒక మామూలు మనిషి కనిపించాడు. ఎక్కడో చూసినట్టున్న మనిషి.

కాకపోతే కథ ఇంత తేలిగ్గా కూడా లేదు. అడవిని కొట్టేయడం తప్పు, కాపాడటం ఒప్పు అనుకుంటే కుంత ఏమవుతుంది? చలికాలం రాత్రి మేనేజరుగారి విస్తట్లో మిగిలిన అన్నం కోసం బయట నిలబడి ఉండే ఆడమనిషి. పిల్లల కోసం. అక్కడి జనానికి వరన్నం అంటే పండగ. కచేరీలో భోజనాలు పెడుతున్నారని తెలిస్తే పిలవకపోయినా ఎంతో దూరం నుంచి వచ్చి, వానలో కూర్చుని తింటారు. వాళ్ళకి కావలసింది భూమి. సత్యచరణ్ వెళ్ళిపోయేముందు కుంతకి కొంత భూమి ఇస్తాడు. ఆ భూమి కూడా అడవి కొట్టగా వచ్చిందే.

ఇక్కడే సత్యచరణ్‌తో నాకు పేచీ వచ్చింది. కొత్తగా వెలిసిన గుడిసెల బస్తీలు అతని కంటికి అసహ్యంగా కనిపిస్తాయి. ఒక్కరో ఇద్దరో అడవిలో ఎదురైనప్పుడు ఇదే పేదవాళ్ళని అతను ఎంత ప్రేమగా చూశాడు! నాట్యం నేర్చుకోవాలని తపించే ధాతురియాని, పూసల మీద మోజున్న మంచిని, పొలం పని మధ్యలో ఆకాశం చూస్తూ కూర్చునే రాజూ పాండేని. వాళ్ళే పదిమంది కలిసి ఇళ్ళు వేసుకుంటే మురికివాడ. పేదవాళ్ళు విడివిడిగా అందం, గుంపుగా రోత. ఆదివాసీ రాజు దోబ్రూ పన్నా, ఆయన వంశంలోని పిల్ల భానుమతి విషయంలోనూ అంతే. ఇక్కడే ఉండిపోయి భానుమతిని పెళ్ళి చేసుకుంటే ఎంత బాగుండును అని అతను కలగంటాడు. ఆ పిల్ల ఏమనుకుంటోందో నవల అడగదు. ఆ పిల్లకి భారతదేశం అనే పేరే తెలియదని మనకి చెప్పే ఘట్టం మాత్రం మర్చిపోలేం. ఆమె తెలివితక్కువతనం చూపించడానికి కాదు, ఆ పేరుతో మనం దేన్ని పిలుస్తున్నామో మనమే ఓసారి ఆలోచించుకోవడానికి ఉన్నట్టుంటుంది ఆ ఘట్టం.

ఈ పేచీ నాకు మొదటి రెండుసార్లు రాలేదు. ఈసారి రావడానికి కారణం పక్కనున్న రెండో పుస్తకం.

'అతడు అడవిని జయించాడు'లో ముసలివాడికి పేరు లేదు. పందులు మేపుకునేవాడు. ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది ఒకటి మందతో తిరిగి రాలేదు. దాన్ని వెతుక్కుంటూ పొద్దుగూకే వేళ అడవిలోకి పోతాడు. ముగింపు చెప్పను, చదవని వాళ్ళుంటారు. ఇందులోనూ అడవి ఉంది, రాత్రి ఉంది. కానీ ఎవరూ ఆగి ఆహా అనరు. చప్పుడు వినిపిస్తే అది ఏ జంతువు, ఎంత దూరంలో ఉంది, ఎటు పోతోంది అన్నదే ముఖ్యం. చీకటి పడుతోందంటే పంది ప్రాణానికి ఎంత టైం ఉందో లెక్క. సత్యచరణ్‌కి అడవి మనసుని తాకేది, ముసలివాడికి కాళ్ళకి గుచ్చుకునేది. తప్పు చేశానని బాధపడే తీరిక కూడా ఇతనికి లేదు.

కేశవరెడ్డి చిత్తూరు జిల్లా మనిషి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి డాక్టరుగా పనిచేశారు. 2015లో పోయారు. ఆయన వాక్యంలో జాలి కనిపించదు. ముసలివాణ్ణి చూసి మనం అయ్యో అనుకునే అవకాశం ఇవ్వడు. మనకంటే అతనికే ఎక్కువ తెలుసు మరి, మనం అయ్యో అనడానికి ఎవరం? ఈ నవలలో ఇరవై పేజీలు చదివి 'వనవాసి'కి తిరిగొస్తే సత్యచరణ్ గొంతు కొంచెం ఎక్కువ తియ్యగా వినిపించింది. ఆ ముసలివాడు లవటులియాలో ఉండి ఉంటే మేనేజరుగారు అతన్ని ఎలా చూసేవారు? బహుశా చాలా ప్రేమగా ఒక అధ్యాయం రాసేవారు. ముసలివాడు మేనేజరుగారి గురించి ఏమనుకునేవాడు? ఈ రెండో ప్రశ్న 'వనవాసి' ఒక్కటే చదివితే తట్టదు.

కానీ కేశవరెడ్డి పుస్తకంలో నేను లేను. ఎంత మెచ్చుకున్నా, ఆ ముసలివాడి పక్కన నిలబడే అర్హత నాకు లేదు. నేనున్న పుస్తకం మూడోది.

'అల్పజీవి' 1950ల తొలి సంవత్సరాల్లో వచ్చింది. రావిశాస్త్రి మొదటి నవల. సుబ్బయ్య అనే గుమాస్తా, విశాఖపట్నం. అందరికీ భయపడతాడు. ఆఫీసులో భయం, ఇంట్లో భయం, బావమరిది అంటే భయం. కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తీసుకుంటాడు, ఇక అక్కణ్ణుంచి గవరయ్య అంటే భయం. ఈ నవలలో అడవి లేదు, వెన్నెల కోసం గుర్రమెక్కే మేనేజరు లేడు. ఉన్నదంతా ఒక పిరికివాడి బుర్రలో గిరగిరా తిరిగే ఆలోచనలు. వాటిని రావిశాస్త్రి పట్టుకున్న తీరు చదువుతుంటే నవ్వొస్తుంది. నవ్వాక సిగ్గేస్తుంది.

సత్యచరణ్‌నీ సుబ్బయ్యనీ పక్కపక్కన పెట్టాలని ఇంతకుముందు ఎప్పుడూ తోచలేదు. ఒకరు ప్రకృతి ప్రేమికుడు, ఒకరు పిరికి గుమాస్తా, మనం వాళ్ళని అలా వేర్వేరు అరల్లో పెట్టుకున్నాం. కానీ ఇద్దరూ ఉద్యోగులే. ఇద్దరి చేతులూ ఇంకొకరి లాభం కోసం కదులుతాయి. ఇద్దరికీ అది తెలుసు. తేడా అల్లా, సత్యచరణ్ తన నేరాన్ని అందంగా చెప్పగలడు. సుబ్బయ్యకి చెమట పడుతుంది. పశ్చాత్తాపం అందంగా ఉంటే క్షమించడం మనకి సులువు. సుబ్బయ్యని క్షమించాలంటే మాత్రం మొహం తిప్పుకుంటాం.

ఇక నా సంగతి చెప్పాలి, లేకపోతే ఇదంతా ఊరికే పుస్తకాల మాట అవుతుంది. నా ఉద్యోగం శాటిలైట్ బొమ్మల మీద గీతలు గీయడం. చెరువు ఎక్కడిదాకా, రాళ్ళ గుట్ట ఎక్కడిదాకా, తుప్పలు ఎక్కడిదాకా, ఒక్కోదానికి ఒక్కో రంగు. ఆ ఫైలు పైకి వెళ్తుంది. తరవాత దాని మీద ఎవరో లేఅవుట్ వేస్తారు. నేను చెట్టు కొట్టను. చెట్టున్న చోటికి ఖాళీ స్థలం అనే రంగు వేస్తాను, ఎందుకంటే వేయమని ఇచ్చిన కేటగిరీల్లో దానికి దగ్గరగా ఉన్నది అదే. 2025 మార్చి ఆఖరున కంచ గచ్చిబౌలిలో, సెంట్రల్ యూనివర్సిటీ పక్కన ఆ 400 ఎకరాల్లో యంత్రాలు దిగాయి. ఏప్రిల్ మొదటి వారంలో సుప్రీంకోర్టు ఆపమంది. ఆ పనితో నాకే సంబంధమూ లేదు. కానీ ఆ రోజుల్లో ఆఫీసులో అందరం ఫోన్లలో ఆ వీడియోలు చూసి అయ్యో అనుకుని, మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగి రంగులు వేశాం. ఆ రాత్రే నేను 'వనవాసి' మళ్ళీ తీశాను. ఓదార్పు కోసం తీశాను. నిజం చెప్పాలంటే మొదటి పేజీల్లోనే ఓదార్పు పోయింది.

ఇందువల్ల నేను ఉద్యోగం మానేశానా అంటే, లేదు. పుస్తకం చదివి మారిపోయాను అని చెప్పే కథలంటే నాకు కొంచెం అనుమానం. ఒకటి మాత్రం జరిగింది. కేటగిరీల జాబితాలో తుప్పలూ రాళ్ళూ ఉన్న నేలకి వేరే రంగు కావాలని మా టీమ్ లీడ్‌కి మెయిల్ రాశాను. చూద్దాం అన్నారు. సరస్వతీ కుండి గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఆ నవ్వు సుబ్బయ్యది.

మరి 'వనవాసి' నచ్చలేదా? నచ్చింది. ముందుకంటే ఎక్కువ నచ్చింది. ఇన్నాళ్ళూ దాన్ని నేను ఒక హిల్ స్టేషన్‌లా వాడుకున్నాను. ఇప్పుడది నన్ను ప్రశ్నలడిగే పుస్తకం అయింది, వెన్నెల మాత్రం అలాగే ఉంది. ఆ వెన్నెల అబద్ధమైతే ఆ నేరానికి బరువే ఉండదు. పోగొట్టింది ఎంత అందమైందో చెప్పకపోతే పోగొట్టానని చెప్పడానికి అర్థం లేదు. బిభూతిభూషణ్‌కి అది తెలుసు. అందుకే అంత ఓపిగ్గా, అంత ప్రేమగా రాశాడు.

మా చెల్లెలికి ఫోన్లో ఇదంతా చెప్పలేదు. "మూడు చదువుతున్నా, ఏది పంపాలో ఆలోచించి చెప్తా" అన్నాను. "నీకు ఎప్పుడూ ఇంతే అన్నయ్యా, ఒక పేరు చెప్పమంటే అరగంట ఆలోచిస్తావ్" అని నవ్వింది. తరవాతి వారం 'వనవాసి' కొరియర్ చేశాను. ఇంతకుముందైతే మొదటి పేజీలో, ప్రశాంతంగా ఉన్నప్పుడు చదువుకో అని రాసి ఇచ్చేవాణ్ణి. ఈసారి ఏమీ రాయలేదు. ఆ మైదానం పేజీల దగ్గర మాత్రం ఒక కాగితం ముక్క పెట్టాను, ఇది దాటేసి ముందుకు పోవద్దని.

నిన్న మెసేజ్ పెట్టింది. ఇంకా యాభై పేజీల దగ్గరే ఉందట. సత్యచరణ్ మంచివాడా కాదా అని అడిగింది. పూర్తయ్యాక చెప్తాలే అనబోయి ఆగాను. చదువుతున్నప్పుడే మాట్లాడుకోవాలని కదా ఇంతసేపూ నా గోల. రాత్రికి ఫోన్ చేస్తానని చెప్పాను. ఆమె ఫోన్ చేసేలోపు నేను 'అల్పజీవి' మిగతా సగం కొంతైనా చదవాలి. సుబ్బయ్య ఇంకా గవరయ్యకి భయపడుతూనే ఉన్నాడు.